నడక ఒక్కటే సరిపోతుందా? మోకాళ్లు అరిగిన అమ్మకు ఇంట్లో ఏం చేయించాలి?

తెనాలి_డల్లాస్ (ప్రశ్న)

నమస్కారమండీ. అమ్మకు 71 ఏళ్లు, 66 కిలోలు. నాన్నకు 76. ఇద్దరూ తెనాలిలో ఉంటారు, నేను డల్లాస్‌లో. అమ్మకు రెండు మోకాళ్లూ అరిగాయి, కుడివైపు ఎక్కువ. ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదు, తొడ కండరాలు గట్టిపడేలా వ్యాయామం చేయించండి అన్నారు ఎముకల డాక్టరు గారు. అమ్మ వేసుకునే మాత్రలు: బీపీకి ఆమ్లోడిపిన్, షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. నాన్నకు బీపీకి మెటోప్రొలాల్, ప్రోస్టేటుకు టామ్సులోసిన్.

ఇద్దరూ రోజూ పొద్దున్నే అరగంట నడుస్తారు, నడకలో ఆయాసం లేదు. అయినా అమ్మ కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సిందే. మెట్లు దిగేటప్పుడు పక్కకు తిరిగి, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంది. నాన్న ప్యాంటు వేసుకునేటప్పుడు ఒంటికాలి మీద నిలవలేక తూలుతున్నారు.

రోజూ నడుస్తున్నాం కాబట్టి ఇంకేమీ అక్కర్లేదని ఇద్దరి వాదన. నిజమేనా? కాకపోతే కుర్చీ, గోడ, వంటింటి గట్టు తప్ప వేరే సామాను లేకుండా ఏం చేయించాలి? మోకాలు నొప్పి పుడితే ఆపించాలా? వాళ్లకు పొద్దున ఆరున్నర అయ్యేసరికి నాకు ముందురోజు రాత్రి ఎనిమిది. వీడియో కాల్‌లో చూస్తూ చేయించగలను.

ఫిజియో_నెల్లూరు

నడక మానిపించకండి, కానీ అది సరిపోదు. నడకతో గుండెకూ ఊపిరితిత్తులకూ మంచి పని పడుతుంది. చదునైన రోడ్డు మీద మోకాలు కొద్దిగానే వంగుతుంది కాబట్టి, కుర్చీలోంచి లేవడానికీ మెట్లు దిగడానికీ కావలసినంత బలం తొడ ముందు కండరానికి, పిరుదులకు అందులో రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 65 దాటినవాళ్లకు మూడు ఉన్నాయి: వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో నడకలాంటిది, కనీసం 2 రోజులు కండర బలానికి వ్యాయామం, కనీసం 3 రోజులు తూలకుండా నిలబడే సాధనతో కూడిన వ్యాయామం. మీ ఇంట్లో మొదటిది ఉంది. అమ్మగారికి ముందు రెండోది, నాన్నగారికి ముందు మూడోది కావాలి.

మొదలుపెట్టే ముందు ఒక కొలత తీసుకోండి. 17 అంగుళాల ఎత్తు (43 సెంటీమీటర్లు) ఉన్న కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా నిలబడి కూర్చోగలరో లెక్కపెట్టాలి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాడే పట్టిక ప్రకారం 70–74 ఏళ్ల ఆడవాళ్లు 10 కన్నా తక్కువ, 75–79 ఏళ్ల మగవాళ్లు 11 కన్నా తక్కువ చేస్తే పడిపోయే ముప్పు ఎక్కువ. చేతులు ఆనిస్తే లెక్క సున్నా. అమ్మగారిది ఇప్పటికి సున్నాయే అవుతుంది. దిగులుపడకండి, సున్నా దగ్గర మొదలైనవాళ్లకే తేడా త్వరగా కనబడుతుంది.

అరిగిన కీలును వాడితే ఇంకా అరుగుతుందన్న భయం ఇంటింటా ఉంది. కీలులో ఎముకల చివర ఉండే మెత్తని పొరకు (మృదులాస్థికి) సొంత రక్తనాళాలు లేవు. బరువు పడుతూ, తీస్తూ ఉంటేనే కీలులోని ద్రవం దానికి పోషణ అందిస్తుంది. పైగా తొడ కండరం బలహీనంగా ఉంటే, మెట్టు దిగినప్పుడల్లా ఒంటి బరువును మెల్లగా దించే పట్టు లేక కుదుపంతా కీలు మీదే పడుతుంది. అమ్మగారు పక్కకు తిరిగి దిగడానికి అదో ముఖ్య కారణం.

ఇక అసలు వ్యాయామం: కుర్చీలోంచి లేచి కూర్చోవడం. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, టైల్స్ మీద జారుతుంది, కాళ్లు విచ్చుకుంటాయి. బరువైన చెక్క కుర్చీని వీపు గోడకు ఆనేలా పెట్టండి. అమ్మగారికి మొదట సీటు ఎత్తు పెంచాలి. రెండు దుప్పట్లు గట్టిగా మడిచి వేస్తే 8–10 సెంటీమీటర్లు పెరుగుతుంది. దిండు మాత్రం వద్దు, కూర్చోగానే అణిగిపోయి ఎత్తు పెంచిన ఫలితం పోతుంది. సీటు ముందు సగంలోకి జరగాలి. పాదాలు తుంటి వెడల్పులో, మడమలు మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి ఉండాలి. నడుము నిటారుగా ఉంచి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, పాదాలతో నేలను నొక్కుతూ ఊపిరి వదులుతూ లేవాలి. పూర్తిగా నిలబడి ఒక క్షణం ఆగి, మనసులో మూడు లెక్కపెడుతూ మెల్లగా కూర్చోవాలి. కండరం ఎక్కువ గట్టిపడేది ఈ దిగేటప్పుడే. చివరి జానెడు కూలబడితే సగం లాభం పోయినట్టే, బోలు ఎముకలున్నవాళ్లకు వెన్నుకు దెబ్బ కూడా.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే: పాదాలు ముందుకు చాపి లేవబోవడం (అప్పుడు ఊగి ఊగి లేవాల్సి వస్తుంది), ముందుకు వంగడానికి భయపడి పైకి చూడటం, మోకాళ్లు రెండూ లోపలికి ఒరగడం. మోకాళ్లు ఒరుగుతుంటే తొడల మధ్య చిన్న దిండు పెట్టకండి, అది ఇంకా లోపలికే నొక్కిస్తుంది. మోకాళ్ల పైన ఒక చున్నీ వదులుగా చుట్టి, దాన్ని బయటికి తోస్తూ లేవమనండి.

మొదట 5 సార్లు, రెండు నిమిషాలు విశ్రాంతి, మళ్లీ 5. రోజు విడిచి రోజు. చేతులు తొడల మీద ఆనించినా పర్వాలేదు. 10 చొప్పున రెండు విడతలు సులువుగా వస్తే ఒక దుప్పటి తీసేయండి. అది కుదిరాక చేతులు ఆనించడం మాన్పించండి. రెండు మార్పులూ ఒకే వారంలో చేయవద్దు, నొప్పి వస్తే దేనివల్లో తెలియదు.

దీనికి తోడు మంచం మీద ఒకటి. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని మోకాలితో కిందికి నొక్కి 5 సెకన్లు పట్టి వదలాలి, ఒక్కో కాలికి 10 సార్లు. మోకాలు వాచిన రోజున కుర్చీ వ్యాయామం మాని ఇదొక్కటే చేయించండి. వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం పిక్కలకు, 10 చొప్పున రెండుసార్లు. ఎత్తినంత మెల్లగానే దించాలి.

నొప్పి సంగతి. సున్నా నుంచి పది దాకా లెక్క వేస్తే, చేసేటప్పుడు 4 లోపు నొప్పి ఉండి, మర్నాటికి మామూలుగా ఉంటే కొనసాగించవచ్చు. 24 గంటలు దాటినా ఎక్కువగానే ఉన్నా, కీలు వాచినా, తర్వాతి సారి సంఖ్య సగానికి తగ్గించండి లేదా సీటు ఎత్తు పెంచండి. తొడ కండరాల్లో ఒకటి రెండు రోజులు ఉండే సలుపు వేరు, అది కొత్త పనికి వచ్చేదే. కీలు లోపల సూదిలా పొడిచే నొప్పిని మాత్రం ఓర్చుకుని చేయించకూడదు.

జనరల్_వార్డు

పైన చెప్పినదంతా సరైనదే. మాత్రల లిస్టు చూశాక కొన్ని చేర్చాలనిపించింది.

నాన్నగారి విషయంలో నాకు ముందు అనుమానం వచ్చేది టామ్సులోసిన్ మీద. ప్రోస్టేటుకు మంచి మాత్రే, కానీ లేచి నిలబడినప్పుడు బీపీని పడేయగలదు. ఇంకో బీపీ మాత్ర కూడా ఉంది కాబట్టి ఒకసారి చూడండి: 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ తీయండి, లేచి నిలబడ్డాక 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్లీ తీయండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టరు గారికి చూపించి మాత్ర వేసే వేళ, మోతాదు గురించి అడగాలి. మీ అంతట మీరు మాత్ర ఆపవద్దు. తూలడానికి కాళ్ల పట్టు తగ్గడమే కారణమనుకుని సాధన పెంచుతూ పోతే, బీపీ పడిపోతున్న మనిషిని ఇంకాస్త ఎక్కువసేపు నిలబెట్టినట్టు అవుతుంది. తెల్లవారుజామున మంచం దిగేటప్పుడు ముందు కూర్చుని, పాదాలు పదిసార్లు పైకీ కిందికీ ఆడించి, అప్పుడు లేవాలి. అదే ఆయనకు రోజులో మొదటి వ్యాయామం.

మెటోప్రొలాల్ వేసుకునేవాళ్లకు వ్యాయామంలో గుండె వేగం మామూలుగా పెరిగినంత పెరగదు, అందుకని స్మార్ట్ వాచీలో వచ్చే అంకెల లక్ష్యాలు ఆయనకు వర్తించవు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. సరైన వేగం అదే.

అమ్మగారికి గ్లిమెపిరైడ్ ఉంది, కాబట్టి షుగరు పడిపోయే అవకాశం ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే సాధారణంగా ఆ భయం ఉండదు. వ్యాయామానికి ముందు మీటరులో 90 కన్నా తక్కువ చూపిస్తే చిన్న అరటిపండు తిని మొదలుపెట్టాలి. మధ్యలో చెమట, వణుకు, తికమక మాటలు వస్తే ఆపి షుగరు చూడండి. 70 కన్నా తక్కువైతే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. మీటరు అందుబాటులో లేకపోతే ముందు పంచదార నీళ్లు ఇచ్చేయండి. స్పృహ సరిగా లేనివాళ్లకు నోట్లో ఏదీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. పాదాలు రోజూ చూసుకోవాలి, వేళ్ల సందులతో సహా. స్పర్శ తగ్గినవాళ్లకు బొబ్బ లేచినా తెలియదు, అందుకే వ్యాయామం చెప్పుల్లేకుండా వద్దు.

కూర్చున్నప్పుడు బీపీ 180/110 దాటి ఉంటే ఆ రోజు వ్యాయామం లేదు, డాక్టరు గారికి ఫోన్. ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చల్లటి చెమట, ఎప్పుడూ లేని ఆయాసం, వీటిలో ఏది వచ్చినా 'కాసేపు పడుకుంటే తగ్గుతుంది' అనుకోకుండా 108. చీలమండల దగ్గర రెండు కాళ్లూ వాస్తే ఆమ్లోడిపిన్ వల్ల కావచ్చు, చూపించండి. ఒక్క పిక్కే వాచి, నొప్పిగా వెచ్చగా ఉంటే అది వేరే జబ్బు కావచ్చు, అదే రోజు చూపించాలి.

మే నెలలో తెనాలి ఎండ సంగతి మీకు తెలుసు. ఏడు లోపే నడక ముగించాలి. అది కుదరని రోజున నడక ఇంట్లోనే, వరండాలో తిరిగినా సరిపోతుంది.

పెద్దల_క్లాసు_వైజాగ్

నాన్నగారి కోసం రాస్తున్నాను. బీపీ పరీక్ష అయ్యాకే మొదలుపెట్టండి.

ఎంత పట్టు ఉందో నాలుగు నిలకడలతో తెలుస్తుంది, ఒక్కోటీ 10 సెకన్లు. పాదాలు పక్కపక్కన. ఒక పాదం బొటనవేలు రెండోదాని మడమ గుంటకు ఆనేలా సగం ముందుకు. ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకు తగిలేలా సరిగ్గా ముందు. ఆఖరున ఒంటికాలు. మూడోది 10 సెకన్లు నిలవలేకపోతే పడిపోయే ముప్పు ఎక్కువని లెక్క. ఎక్కడ ఆగిపోతారో ఆ నిలకడే ఆయన సాధన మొదలయ్యే చోటు. బాగా వచ్చిన నిలకడను పదేపదే చేయిస్తే ఆయనకు సంతోషమే కానీ పట్టు పెరగదు.

చోటు ముఖ్యం. గదిలో రెండు గోడలు కలిసే మూలలో వీపు మూలవైపు పెట్టి నిలబెట్టండి, ఎదురుగా బరువైన కుర్చీ వీపు ఆయనవైపు ఉండాలి. వెనక్కి తూలినా పక్కకు తూలినా గోడ, ముందుకు తూలితే కుర్చీ. మొదట రెండు చేతులతో పట్టుకోవాలి, తర్వాత ఒక చెయ్యి, ఆ తర్వాత వేలి కొసలు, చివరికి చేతులు కుర్చీకి అంగుళం పైన. కళ్లు మూసుకుని చేయించే రకాలు కొన్ని వీడియోల్లో కనబడతాయి, ఇంట్లో అవి వద్దు.

వంటింటి గట్టు పొడవునా పక్కకు నడవడం చాలా మంచిది: 10 అడుగులు కుడికి, 10 ఎడమకు, పాదాలు ఈడ్చకుండా, తుంటి పక్కకు ఊగకుండా. తుంటి పక్క కండరాలే ఒంటికాలి మీద మనిషిని నిలబెడతాయి, మామూలు నడకలో వాటికి ఇంత పని పడదు. ఇది అమ్మగారికీ చేయించండి. వెనక్కి నడక గట్టు పట్టుకునే చేయాలి.

న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి వ్యాయామాలతోనే ఇంట్లో చేసుకునే పద్ధతి ఒకటి తయారుచేశారు: వారానికి మూడుసార్లు అరగంట బలానికీ నిలకడకూ, రెండుసార్లు నడక. దానిమీద జరిగిన పరీక్షల్లో పెద్దవాళ్లు పడిపోవడం మూడో వంతు పైగా తగ్గింది. తరచుగా, ఆపకుండా చేయడం, క్రమంగా కష్టం పెంచడం, ఈ రెండూ లేకపోతే ఆ ఫలితం రాదు.

సాధన ఫలించేలోగా మార్చాల్సినవి కూడా ఉన్నాయి. ప్యాంటు మంచం మీద కూర్చునే వేసుకోవాలి, నిలబడి వేసుకోవడం పౌరుషానికి సంబంధించిన విషయం కాదని ఆయనకు నచ్చజెప్పండి. అరిగిన హవాయి చెప్పులు పారేయండి, మడమ వెనక పట్టీ ఉన్నవి కొనండి. బాత్రూములో తువ్వాళ్లు వేసే కడ్డీ మనిషి బరువు ఆపడానికి బిగించింది కాదు, పట్టుకోగానే ఊడి చేతికి వస్తుంది. స్టీలు పట్టుకడ్డీ గోడలో ప్లగ్గులు వేసి బిగించాలి, ఒకటి కమోడు పక్కన, ఒకటి స్నానం చేసే చోట.

పడితే లేవడం ఇద్దరికీ నేర్పండి. ఎముక విరిగిన అనుమానం ఉంటే కదలకూడదు. లేకపోతే పక్కకు దొర్లి, మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ల మీదికి వచ్చి, మంచం దాకా పాకి, రెండు చేతులూ మంచం మీద పెట్టి, బలమైన కాలు ముందు వేసి లేవాలి. అమ్మగారికి మోకాళ్ల కింద మందపాటి బొంత తప్పనిసరి.

తెనాలి_డల్లాస్

అందరికీ ధన్యవాదాలండీ. నాన్న బీపీ పరీక్ష రేపే చేయిస్తాను. ఇంకా కొన్ని ఉన్నాయి. అమ్మ టీవీలో చూసి వజ్రాసనం, పాదహస్తాసనం, మెడ గుండ్రంగా తిప్పడం, కపాలభాతి చేస్తుంది. మానేయమంటే నొచ్చుకుంటుంది. పార్కులో ఓపెన్ జిమ్ ఉంది, అది వాడవచ్చా? నీక్యాప్, చేతికర్ర అవసరమా?

ఫిజియో_నెల్లూరు

అన్నీ మానమనకండి, కొన్ని మార్చండి. వజ్రాసనంలో మోకాలు పూర్తిగా మడిచి దానిమీద కూర్చుంటారు, అరిగిన చిప్ప వెనక ఒత్తిడి చాలా పెరుగుతుంది. ప్రస్తుతానికి వద్దు. గొంతుక్కూర్చోవడం, నేలమీద ఎక్కువసేపు బాసింపట్టు కూడా అంతే. పాదహస్తాసనంలో వెన్ను గుండ్రంగా వంగుతుంది. నెలసరి ఆగిన తర్వాత ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లలో ఇలాంటి వంపువల్ల వెన్నుపూస నలిగిపోవచ్చు. దాని బదులు గోడకు ఎదురుగా నిలబడి రెండు చేతులూ గోడమీద పైకి పాకించమనండి. మెడ కుడికి, ఎడమకు తిప్పడం, గడ్డం కిందికి దించడం చాలు, గుండ్రంగా వద్దు. బీపీ ఉన్నవాళ్లకు కపాలభాతి వేగం మంచిది కాదు, మెల్లగా ఊపిరి తీసి అంతకన్నా మెల్లగా వదిలే ప్రాణాయామం నిశ్చింతగా చేసుకోవచ్చు. తాడాసనం, గట్టు పట్టుకుని వృక్షాసనం మాత్రం చేయించండి. వృక్షాసనంలో పాదం రెండో కాలి చీలమండ దగ్గర ఆనిస్తే చాలు, మోకాలి మీద ఎప్పుడూ ఆనించకూడదు. ఆసనమంటే ఆవిడకు ఇష్టం కాబట్టి నిలకడ సాధన ఆ దారిలోనే వస్తుంది.

ఓపెన్ జిమ్‌లో రెండు కాళ్లూ ఊయలలా ముందుకూ వెనక్కూ ఊగే పరికరం పెద్దవాళ్లకు వద్దు. అది పూర్తిగా ఆగకముందే దిగబోయి పడతారు. కూర్చుని తొక్కే సైకిలు ఉంటే మంచిదే, సీటు ఎత్తు తొక్కుడు కిందికి వెళ్లినప్పుడు మోకాలు దాదాపు చాచుకునేంత ఉండాలి.

నీక్యాప్ వెచ్చదనం ఇస్తుంది, ధైర్యం ఇస్తుంది, బలం ఇవ్వదు. బయటికి వెళ్లేటప్పుడు వేసుకోనివ్వండి, రాత్రి తీసేయాలి. చేతికర్ర దూరం నడిచేటప్పుడు ఉపయోగమే, కానీ చాలామంది నొప్పి ఉన్న కాలి వైపే పట్టుకుంటారు. అమ్మగారికి కుడి మోకాలు ఎక్కువ కాబట్టి కర్ర ఎడమ చేతిలో ఉండాలి, కుడికాలితో పాటే ముందుకు పడాలి. చెప్పులు వేసుకుని చెయ్యి వదులుగా వేలాడదీస్తే మణికట్టు గీత ఎక్కడుంటుందో కర్ర పిడి అక్కడిదాకా రావాలి. కింది రబ్బరు బూటు అరిగితే వెంటనే మార్చండి. మెట్లు ఎక్కేటప్పుడు ఎడమకాలు ముందు, దిగేటప్పుడు కర్రా కుడికాలూ ముందు.

పెద్దల_క్లాసు_వైజాగ్

వీడియో కాల్ గురించి. ఫోను చేతిలో పట్టుకుంటే ముఖమే కనబడుతుంది. స్టూలు మీద, తుంటి ఎత్తులో, కుర్చీకి పక్కవైపున రెండు మూడు మీటర్ల దూరంలో పెట్టించండి. పాదాలు, తల రెండూ తెరలో ఉండాలి. వంగడం, కూలబడటం పక్కనుంచే తెలుస్తాయి. వారానికోసారి ఎదురుగా పెట్టించి మోకాళ్లు లోపలికి ఒరుగుతున్నాయేమో చూడండి. లెక్క మీరు పెట్టకండి, కాల్‌లో మాట ఆలస్యంగా వెళ్లి లయ తప్పుతుంది. వాళ్లనే పైకి లెక్కపెట్టమనండి. లెక్కపెట్టే మనిషి ఊపిరి బిగబట్టలేరు, బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టకపోవడం చాలా అవసరం. ఇద్దరూ ఒకేసారి చేయవద్దు. ఒకరు చేస్తుంటే రెండోవారు పక్కన అర అడుగు వెనగ్గా నిలబడాలి, చెయ్యి పట్టుకుని లాగకూడదు. నిలకడ సాధన ఎవరూ లేనప్పుడు వద్దు. నవంబరులో మీ గడియారం వెనక్కి జరిగితే వాళ్ల ఆరున్నర మీకు రాత్రి ఏడు అవుతుంది, ఆ వారంలోనే చాలా ఇళ్లలో క్లాసు ఆగిపోతుంది, ముందే చెప్పి ఉంచండి.

ఒక నోటుపుస్తకంలో తేదీ, సీటు మీద ఎన్ని దుప్పట్లు, ఎన్నిసార్లు, మర్నాటి నొప్పి ఎంత, ఇవి నాన్నగారితో రాయించండి.

ఫిజియో_నెల్లూరు

ఆ పుస్తకం చూస్తూనే పెంచాలి. మొదటి రెండు మూడు వారాల్లో వచ్చే మెరుగు కండరం పెరిగి వచ్చింది కాదు, ఉన్న కండరాన్ని సరిగా వాడుకోవడం వచ్చినందుకు. గట్టి బలం తెలియడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది, కాబట్టి నెలకే ఫలితం లేదని మానేయనివ్వకండి. దుప్పట్లన్నీ తీసేసి, చేతులు ఆనించకుండా 12 చొప్పున రెండు విడతలు వస్తే అరకిలో పప్పు ప్యాకెట్టు ఒకటి ఛాతీకి హత్తుకుని చేయించండి, తర్వాత కిలో. ఆపైన మెట్టు సాధన: రెయిలింగు పట్టుకుని, మెట్లలో అన్నిటికన్నా కింద ఉన్న ఒక్క మెట్టు మాత్రమే ఎక్కి దిగడం, ఒక్కో కాలికి 5. మెట్టు 15 సెంటీమీటర్లు మించి ఉంటే ముందు 10 సెంటీమీటర్ల చెక్కపలకను గోడకు ఆనించి దానిమీద మొదలుపెట్టండి. జ్వరమో ప్రయాణమో వచ్చి రెండు వారాలు ఆగితే, ఆపిన చోట కాకుండా ఒక మెట్టు వెనక నుంచి మొదలుపెట్టాలి: ఒక దుప్పటి మళ్లీ వేయండి, సంఖ్య 8కి దించండి. మోకాలు మధ్యలో బిగుసుకుని చాచలేకపోతే, ఎర్రగా వేడిగా వాస్తే, రాత్రి నిద్రలో లేపేంత నొప్పి ఉంటే వ్యాయామం ఆపి ఎముకల డాక్టరు గారికి చూపించండి.